చేపల తొట్టిలో తెల్లమచ్చ వ్యాధి: మొదటి గంట నుంచి క్వారంటైన్ దాకా

రోజూ మేత డబ్బా చప్పుడుకే పైకి ఎగబడే చేపలు ఒక ఉదయం మూలకు చేరి, రెక్కలు ముడుచుకుని, మధ్యమధ్య గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చూస్తే తోక మీద, పక్క రెక్కల మీద సన్నని ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లని చుక్కలు ఉంటాయి. మంచినీటి అక్వేరియం పెట్టుకున్నవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఈ జబ్బును తెల్లమచ్చ వ్యాధి అని, వాడుకలో ‘ఇక్’ అని అంటారు. దీనికి కారణం ఇక్థియోఫ్థిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. రొయ్యల చెరువులున్న ప్రాంతాల వారికి ‘వైట్ స్పాట్’ అనగానే 1990ల మధ్యలో కోస్తా ఆంధ్రలో రొయ్యల రైతులను దెబ్బతీసిన తెగులు గుర్తుకు వస్తుంది. అది వైరస్ వల్ల వచ్చేది, దానికీ దీనికీ పేరులో తప్ప సంబంధం లేదు. చేపలకు వచ్చే ఈ తెల్లమచ్చ సకాలంలో, సరైన క్రమంలో పనిచేస్తే పూర్తిగా నయమవుతుంది.

మొదటిసారి ఈ వ్యాధి మా ఇంటి తొట్టిలోకి వచ్చినప్పుడు నేను మూడు రోజులు మందు వేసి, మచ్చలు మాయమవగానే ఆపేశాను. మరో నాలుగు రోజులకు అవే మచ్చలు మూడింతలై తిరిగి వచ్చాయి, సగం చేపలు పోయాయి. కంటికి కనిపించే మచ్చ మీద ఏ మందూ పనిచేయదని, మందు చంపేది కంటికి కనిపించని మరో దశనని అప్పటికి నాకు తెలియదు. కింద రాసిన ప్రతి మెట్టు ఆ ఒక్క విషయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినదే.

మొదటి మెట్టు: మందు సీసా తీయకముందు నీటిని చూడండి

జబ్బు కనిపించిన మొదటి గంటలో చేయవలసిన పని నీటి పరీక్ష. అక్వేరియం షాపుల్లో చుక్కల టెస్ట్ కిట్లు దొరుకుతాయి. చేపల మలినం నుంచి పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలు. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కొంచెమైనా కనిపిస్తే చేపల ఇబ్బందికి అదే కారణం కావచ్చు, లేదా ఉన్న జబ్బును అదే ముదరబెడుతూ ఉండవచ్చు. ఒళ్లు రుద్దుకోవడం, నీటి పైకి వచ్చి నోరు తెరిచి గాలి పీల్చడం అమ్మోనియా వల్ల మొప్పలు మండినప్పుడు కూడా ఉంటాయి కాబట్టి, మచ్చలు లేకుండా ఈ లక్షణాలు మాత్రమే ఉన్నప్పుడు మందు జోలికి వెళ్లకుండా నీటిని మార్చడమే వైద్యం.

పరీక్ష ఫలితం ఏదైనా, తొట్టి నీటిలో మూడో వంతు మార్చండి. అడుగున పేరుకున్న మలినాన్ని సైఫన్ గొట్టంతో లాగేయండి. కొత్త నీటి విషయంలో మన ఇళ్లలో రెండు పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, వానాకాలంలో దాని మోతాదు పెంచడం మామూలే. అందువల్ల ఆ నీటికి తప్పనిసరిగా యాంటీ క్లోరిన్ చుక్కలు గానీ, హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ గానీ సీసా మీద రాసిన మోతాదులో కలపాలి. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గానీ, అప్పుడే తోడిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండవచ్చు. ఆ నీటిని బకెట్లలో పట్టి ఒక రాత్రంతా ఎయిర్ స్టోన్ (పంపు గాలిని సన్నని బుడగలుగా వదిలే రాయి) తిప్పిన తరువాతే పోయాలి. తాగడానికి వాడే ఆర్‌ఓ నీటితో మాత్రమే తొట్టిని నింపకూడదు, లవణాలు లేని నీటిలో చేపలు మరింత నీరసిస్తాయి.

ఆ తరువాత ఎయిర్ పంప్ జోడించండి, లేదా ఉన్నదానికి మరొక ఎయిర్ స్టోన్ కలపండి. మేతను రెండు రోజులు ఆపండి. ఎదిగిన చేపలు రెండు మూడు రోజులు తినకపోయినా వాటికి హాని లేదు, తినకుండా వదిలేసిన మేత కుళ్లితే మాత్రం ఉంది. చనిపోయిన చేప కనిపిస్తే వెంటనే తీసేయండి. మిగతా చేపలు దాన్ని కొరికితే వ్యాధి మరింత వేగంగా పాకుతుంది.

రెండవ మెట్టు: అది తెల్లమచ్చేనా?

ఈ మెట్టు దగ్గర తొందరపడకూడదు, ఎందుకంటే తెల్లమచ్చకు మేలు చేసే వేడి మరొక జబ్బులో ప్రాణం తీస్తుంది. తొట్టి లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని పక్క నుంచి వేసి చేపను గమనించండి. తెల్లమచ్చలో ఒక్కో చుక్క విడివిడిగా, గుండ్రంగా, ఉప్పు రవ్వంత ఉంటుంది. అది పెరిగి పెద్దదైనా ఒక మిల్లీమీటరుకు మించదు. తోక, రెక్కల అంచుల్లో మొదలై ఒంటి మీదికి పాకుతుంది. అయితే కొన్నిసార్లు మచ్చలు మొప్పల లోపలే ఉండి బయటికి కనిపించవు. చేప వేగంగా మొప్పలాడిస్తూ పంపు దగ్గరే తచ్చాడుతూ ఉండి, అదే తొట్టిలో మరో చేపకు మచ్చలుంటే దానికీ వ్యాధి సోకినట్టే లెక్క.

దీనితో పొరబడే వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది కాలమ్నారిస్. ఇది ఫ్లావోబాక్టీరియం కాలమ్నారె అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మూతి చుట్టూ దూది అంటినట్టు, లేదా వీపు మీద గుర్రపు జీను ఆకారంలో వెలిసిన పట్టీలా కనిపిస్తుంది, రెక్కల అంచులు చిరిగిపోతాయి. దూది రూపం చూసి చాలామంది బూజు అనుకుంటారు. ఇది వెచ్చని నీటిలో విజృంభిస్తుంది కనుక, తెల్లమచ్చ అనుకుని హీటర్ పెంచితే ఒకటి రెండు రోజుల్లోనే తొట్టి ఖాళీ కావచ్చు. చుక్కలు గుండ్రంగా లేకుండా పట్టీలుగా, పాలిపోయిన మచ్చలుగా ఉంటే హీటర్ ముట్టుకోకండి.

చుక్కలు ఉప్పు రవ్వల్లా కాక బంగారు రంగు పొడి చల్లినట్టు మరీ సన్నగా ఉంటే అది వెల్వెట్ వ్యాధి. దాని పరాన్నజీవి వెలుతురును కూడా వాడుకుంటుంది కాబట్టి మందుతో పాటు తొట్టిని గుడ్డతో కప్పి చీకటి చేయాలి. పొలుసులు లేచి చేప ఒళ్లు దేవదారు కాయలా ఉబ్బితే దాన్ని డ్రాప్సీ అంటారు. అది ఒక జబ్బు పేరు కాదు, లోపలి అవయవాలు, ముఖ్యంగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తు. ఆ దశలో కోలుకునే చేపలు తక్కువ. ఇక గోల్డ్‌ఫిష్ పెంచేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎదిగిన మగ గోల్డ్‌ఫిష్‌కు జతకట్టే కాలంలో మొప్ప మూతల మీద, ముందు రెక్కల మొదటి పుల్ల మీద వరుసగా తెల్లని పొక్కులు వస్తాయి. చేప చురుగ్గా ఉండి, చుక్కలు ఆ రెండు చోట్లే ఉంటే అది ఆరోగ్య లక్షణం. దానికి మందు వేసి చంపుకున్నవారు ఉన్నారు.

మూడవ మెట్టు: శత్రువు బతుకు తీరు తెలుసుకోండి

తెల్లచుక్కగా మనకు కనిపించేది చేప చర్మపు పై పొర కింద కూర్చుని దాన్ని తింటూ పెరిగే పరాన్నజీవి. పైన చర్మం, జిగురు ఉండటంతో నీటిలో కలిపిన మందు దాన్ని చేరలేదు. కడుపు నిండాక అది చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చి, రాయికో మొక్కకో అంటుకుని, చుట్టూ జిగురు గోడ కట్టుకుని లోపల విభజన చెందుతుంది. అలా ఒక్కటి వందలుగా, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు గోడ దాటి ఈదుతూ ఒకటి రెండు రోజుల్లోపు మరో చేపను పట్టుకోవాలి, లేకపోతే చచ్చిపోతాయి. మందు, ఉప్పు వాటి మీద పనిచేసేది ఈ ఈదే దశలోనే.

నీరు 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు ఈ చక్రం సుమారు వారం లోపే తిరుగుతుంది. చల్లని నీటిలో వారాలు పడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటర్ లేని తొట్టి నీరు చల్లబడి చేపల రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు తెలంగాణలో ఈ వ్యాధి ఎక్కువగా బయటపడుతుంది. వేడి పెంచితే చక్రం వేగంగా తిరిగి పరాన్నజీవులు త్వరగా ఈదే దశకు వస్తాయి. 30 డిగ్రీలు దాటితే వాటికి సంతానవృద్ధే కష్టమవుతుంది. వేడి వైద్యానికి ఉన్న ఆధారం ఇదే. మచ్చలు పోయిన రోజున వ్యాధి పోయిందనుకోవడం ఎందుకు పొరపాటో కూడా ఇందులోనే ఉంది. ఆ రోజున పరాన్నజీవులు చేపను వదిలి రాళ్ల మధ్య చేరి విభజన చెందే పనిలో ఉంటాయి.

ఇదే కారణంతో, మచ్చలున్న ఒక్క చేపను వేరే డబ్బాలోకి తీసి పెద్ద తొట్టిని అలాగే వదిలేయడం వల్ల ఫలితం ఉండదు. వ్యాధి చేపలో ఎంత ఉందో తొట్టిలోనూ అంత ఉంది. వైద్యం మొత్తం తొట్టికి చేయాలి.

నాలుగవ మెట్టు: లెక్క కట్టండి

మోతాదు తప్పడానికి మొదటి కారణం తొట్టిలో ఎన్ని లీటర్ల నీరుందో తెలియకపోవడం. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల తొట్టిలో 60 పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తున నీరుంటే 45 లీటర్లు. గులకరాళ్లు, బొమ్మలు ఆక్రమించిన చోటుకు పదో వంతు తీసేస్తే సుమారు 40 లీటర్లు. ‘రెండడుగుల తొట్టికి పది చుక్కలు’ అని ఎవరైనా చెప్తే ఆ మాట మీద మందు పోయకండి.

ఐదవ మెట్టు: వేడి, ఉప్పు

నా అనుభవంలో చాలా తొట్లకు ఈ రెండూ చాలు. హీటర్ లీటరుకు సుమారు ఒక వాట్ చొప్పున ఉండాలి, అంటే 40 లీటర్లకు 50 వాట్లది సరిపోతుంది. దాని మీది అంకెను నమ్మకుండా విడిగా థర్మామీటర్ పెట్టండి. రోజుకు రెండు మూడు డిగ్రీలకు మించకుండా పెంచుతూ 30 డిగ్రీలకు తీసుకెళ్లండి. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప కనుక దానికి 27, 28 వద్ద ఆపి, రోజులు పెంచడం మేలు. విజయవాడ, రాజమండ్రి లాంటి చోట్ల ఎండాకాలంలో నీరు ఎలాగూ 30 దాటుతుంది, అప్పుడు హీటర్ అవసరం ఉండదు, గాలి అవసరమే ఎక్కువ. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు తగ్గుతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఆ తేడా చాలా పెద్దది. కరెంటు పోయే ప్రాంతాల్లో బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ముందే కొని ఉంచుకోండి.

ఉప్పు లీటరుకు 2 గ్రాములు, అంటే మన 40 లీటర్ల తొట్టికి 80 గ్రాములు. కల్లుప్పు మంచిది. అయోడిన్ కలిపిన ఉప్పు చేపలకు విషమనే మాట తరచుగా వినిపిస్తుంది గానీ, అందులో ఉండే అయోడిన్ ఈ మోతాదుకు హాని చేసేంత ఉండదు. ఉప్పును నేరుగా తొట్టిలో వేయకుండా, తొట్టి నీటిలోనే ఒక మగ్గులో కరిగించి, మూడు భాగాలుగా పన్నెండు గంటలకొకటి చొప్పున పోయాలి. ఉప్పు ఆవిరై పోదు. అందువల్ల 10 లీటర్ల నీరు మార్చిన రోజు 20 గ్రాములే కలపాలి, మళ్లీ 80 గ్రాములు కలిపితే రెండు మార్పుల్లో తొట్టి ఉప్పుటేరవుతుంది. కోరిడోరాస్, లోచ్ వంటి పొలుసులు లేని లేదా తక్కువ ఉన్న చేపలుంటే సగం మోతాదుతో మొదలుపెట్టి వాటిని గమనిస్తూ ఉండండి. సున్నితమైన మొక్కలు ఉప్పుకు వాడిపోతాయి. వాటిని తీసి చేపలు లేని బకెట్లో వెచ్చని చోట రెండు వారాలు ఉంచితే వాటి మీద పరాన్నజీవి ఉన్నా పట్టుకోవడానికి చేప దొరకక చస్తుంది.

ఆరవ మెట్టు: ఎప్పుడు మందు వేయాలి

వేడి, ఉప్పు మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు కూడా మచ్చలు పెరుగుతూనే ఉంటే, లేదా మొదటి రోజే చేపలు ఊపిరికి తన్నుకుంటూ ఉంటే మందు వేయాలి. తెల్లమచ్చ మందుల్లో సాధారణంగా ఉండేవి మలకైట్ గ్రీన్, ఫార్మాలిన్, లేదా ఈ రెండింటి మిశ్రమం. ఫార్మాలిన్ నీటిలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. కనుక వేడి ఎక్కువగా ఉన్న తొట్టిలో దాన్ని వేసే ముందు ఉష్ణోగ్రత 27, 28కి దించి, గాలి పంపును పూర్తిగా తెరవాలి. మలకైట్ గ్రీన్ మనిషి ఆరోగ్యానికి కూడా మంచిది కాదు. తినే చేపల పెంపకంలో దాని వాడకాన్ని అనేక దేశాలు నిషేధించాయి. చేతులకు గ్లవ్స్ లేకుండా, పిల్లలున్న చోట దాన్ని తాకకండి. రాగి కలిసిన మందులు నత్తలను, రొయ్యలను చంపుతాయి, చేపలకు కూడా మేలుకూ హానికీ మధ్య తేడా సన్నగానే ఉంటుంది. మిథిలీన్ బ్లూ అనే నీలి మందును దుకాణాల్లో ప్రతి జబ్బుకూ ఇస్తుంటారు. అది ఫిల్టర్‌లో అమ్మోనియాను మార్చే మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది కాబట్టి ప్రధాన తొట్టిలో వేయకుండా, విడి తొట్టికే పరిమితం చేయడం మంచిదని నా అభిప్రాయం.

మందు వేసే ముందు ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ కార్బన్ తీసేయండి, అల్ట్రావయొలెట్ దీపం ఉంటే ఆర్పేయండి. కార్బన్ మందును పీల్చేస్తుంది. ఫిల్టర్‌ను మాత్రం ఆపకూడదు. స్పాంజి మురికిగా ఉంటే తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండండి, కుళాయి కింద కడిగితే అందులోని బ్యాక్టీరియా క్లోరిన్‌కు చస్తుంది. రెండు రకాల మందులను ఒకేసారి కలపకండి. మన ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ గొట్టాలను విప్పి నీటిలో పోయడం మరీ తప్పు. తెల్లమచ్చ బ్యాక్టీరియా వ్యాధి కాదు కాబట్టి వాటివల్ల ఆ పరాన్నజీవికి ఏమీ కాదు, ఫిల్టర్ చెడిపోతుంది, మందులకు లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి.

ఏడవ మెట్టు: రోజువారీ పని, ఆపే రోజు

వైద్యం జరిగినన్నాళ్లూ రోజు విడిచి రోజు నాలుగో వంతు నీరు మార్చండి. గులకరాళ్ల మధ్య సైఫన్ లోతుగా దింపితే రాళ్లకు అంటుకున్న పరాన్నజీవుల్లో కొన్ని ఆ నీటితోనే బయటికి పోతాయి. కొత్త నీటి ఉష్ణోగ్రత తొట్టి నీటితో సరిపోవాలి, తీసిన నీటికి తగినంత ఉప్పు, లేదా మందు సీసా మీద చెప్పిన భాగం తిరిగి కలపాలి. రోజూ అమ్మోనియా చూడండి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఉష్ణోగ్రత, కలిపిన ఉప్పు, ఏ చేపకు ఎక్కడ మచ్చలున్నాయో రాసుకోండి. మూడో రోజుకు మచ్చలు పెరిగినట్టు కనిపిస్తే భయపడకండి, వేడికి చక్రం వేగం పుంజుకుందని అర్థం. చేతికి గాయం ఉంటే తొట్టిలో చేయి పెట్టకండి. చేపల క్షయగా పిలిచే మైకోబాక్టీరియం మారినమ్ అలాంటి గాయాల ద్వారా మనుషుల చర్మానికి సోకి నెలల తరబడి మానని పుండ్లు చేస్తుంది.

చివరి మచ్చ మాయమైన రోజును పుస్తకంలో గుర్తు పెట్టుకోండి. 30 డిగ్రీల వద్ద ఆ రోజు నుంచి మరో వారం, 27 వద్ద రెండు వారాలు వైద్యం అలాగే సాగాలి. మొత్తం గడువులో అన్నిటికన్నా కష్టమైనది ఈ భాగమే, చేపలు చలాకీగా తిరుగుతూ ఉంటే చేయి దానంతట అదే ఆగిపోతుంది. గడువు ముగిశాక వేడిని నెమ్మదిగా దించి, ఉప్పును నీటి మార్పులతోనే తగ్గించి, కార్బన్ తిరిగి పెట్టి మందు అవశేషాలను తీసేయండి. కోలుకున్న చేపలకు ఈ పరాన్నజీవి మీద కొంత నిరోధక శక్తి వస్తుంది.

కోలుకోలేని చేపలు

మునగలేక, లేవలేక, తినలేక రోజుల తరబడి బాధపడే చేపను అలా వదిలేయడం దయ కాదు. లవంగ నూనెను గోరువెచ్చని నీటితో సీసాలో బాగా గిలక్కొట్టి, చేప ఉన్న చిన్న గిన్నెలో కొద్దికొద్దిగా పోస్తే అది మత్తులోకి జారుతుంది. ఆ తరువాత లీటరుకు 0.4 మిల్లీలీటర్ల చొప్పున అయ్యేలా మిగతాది పోసి, మొప్పల కదలిక ఆగాక కూడా అరగంట అలాగే ఉంచాలి. చచ్చిన చేపను మట్టిలో లోతుగా పాతండి. బతికున్న చేపను గానీ, జబ్బు తొట్టి నీటిని గానీ చెరువులో, కాలువలో వదలకండి. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ క్యాట్‌ఫిష్ ఇప్పటికే మన చెరువుల్లో, కాలువల్లో పెరిగి జాలర్ల వలలను చించుతోంది.

ఇంటి దోషాన్ని మీద వేసుకుని చేప ప్రాణం విడిచిందని పెద్దలు ఓదార్పుగా అంటారు. ఆ మాటలోని ఆప్యాయతను నేను కాదనను, కానీ ఒక చేప పోయిన రోజున నీటి పరీక్ష చేయకపోతే రెండో చేప కూడా పోతుంది.

ఎనిమిదవ మెట్టు: మళ్లీ రాకుండా

ఈ పరాన్నజీవి దానంతట అది పుట్టదు, కొత్త చేపతోనో, మొక్కతోనో, తడి వలతోనో వస్తుంది. మన ఊళ్ల దుకాణాలకు చేరే రంగు చేపల్లో చాలా భాగం చెన్నై కొళత్తూరు, కోల్‌కతా వంటి చోట్ల నుంచి కిక్కిరిసిన సంచుల్లో దూర ప్రయాణం చేసి వస్తాయి. ఆ ఒత్తిడిలో ఉన్న చేపకు జబ్బు ఉన్నా దుకాణంలో ఉన్న రెండు రోజుల్లో బయటపడకపోవచ్చు. సరుకు దిగిన రోజున కొనకుండా వారం ఆగి, అదే చేపలు అప్పటికీ చురుగ్గా ఉంటే కొనండి. వాటిని నీటి సంచితో సహా తొట్టిలో తేలనిచ్చినా, ఆ నీటిని మాత్రం తొట్టిలో పోయకండి.

క్వారంటైన్ కోసం పెద్ద తొట్టి అక్కరలేదు. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, మూత, చిన్న హీటర్, ప్రధాన తొట్టిలో నెల రోజులు ముందుగా తిప్పి ఉంచిన స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి ఒక మట్టి కుండ పెంకు ఉంటే చాలు. అడుగున రాళ్లు వేయకండి. దాని వల, గొట్టం, బకెట్ విడిగా ఉంచండి, పని అయ్యాక మండుటెండలో పూర్తిగా ఎండనివ్వండి, తడి ఆరితే ఈ పరాన్నజీవి బతకదు. కొత్త చేపలను అందులో నాలుగు వారాలు ఉంచి, ఆ కాలమంతా నీటిని 27, 28 డిగ్రీల వద్ద ఉంచితే దాగి ఉన్న తెల్లమచ్చ చాలావరకు బయటపడుతుంది. ఒక్క చుక్క కనిపించినా నాలుగు వారాల లెక్క ఆ వైద్యం పూర్తయిన రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. గడువు తీరాక కూడా టబ్బు నీటిని ప్రధాన తొట్టిలో కలపకుండా, చేపలను మాత్రమే వలతో ఎత్తి మార్చండి.